నాగవేణి నిలబడిన సోమవారాలు

2023 నవంబరు 20, సోమవారం, ఉదయం 5 గంటల 58 నిమిషాలు. ప్రొద్దుటూరులోని ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ జూనియర్ కళాశాల రెండో అంతస్తులో, నూట ఎనభై మంది కూర్చున్న హాలులో, ఎడమ గోడ వెంబడి నిలబడి ఉన్న పదిమందిలో ఏడో అమ్మాయి కింద పడిపోయింది. ముందు మోకాళ్ళు వంగాయి. తర్వాత కుడి భుజం, చివరగా తల నేలకు తగిలాయి. అప్పటికి ఆమె నిలబడి ముప్పై ఎనిమిది నిమిషాలైంది.

వేదిక మీది మైకులో ఒక గొంతు, "యాక్టింగ్ బాగుంది. ఎవరూ లేవద్దు" అంది.

ఎవరూ లేవలేదు. సుమారు నలభై సెకన్ల తర్వాత మూడో వరుసలోంచి గౌరీ అనే అమ్మాయి లేచి, నీళ్ళ సీసా పట్టుకుని గోడ దగ్గరికి నడిచింది. కింద పడిన పిల్లతో ఒకే గదిలో, పక్క మంచం మీద పడుకునే స్నేహితురాలు. పడిన అమ్మాయి పేరు నాగవేణి. వయసు పదిహేడేళ్ళ రెండు నెలలు. ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ.

నాగవేణిది పులివెందులకు ఉత్తరాన, తొండూరు మండలంలోని ఒక చిన్న ఊరు. తండ్రి చిన్నసుబ్బయ్య సెనగచేను చూసుకుంటాడు. అరవై నాలుగు గొర్రెల మంద మాత్రం తల్లి తిరుపాలమ్మది. తిరుపాలమ్మకు చదువు రాదు. మందలో ఏ గొర్రె ఏ ఏట పుట్టిందో, దాని తల్లి ఏదో, ఎన్ని ఈతలు ఈనిందో అడిగితే వెతుక్కోకుండా చెబుతుంది. జబ్బు చేసిన గొర్రెను పక్కకు పడుకోబెట్టి, వెనక తొడ లోపలి వైపున మూడు వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని నాడి చూస్తుంది. లెక్కపెట్టదు. ఆ వేళ్ళకు ఒక నడక తెలుసు. అది తప్పితే మందు పోస్తుంది, తప్పకపోతే మందలోకి వదిలేస్తుంది.

పదో తరగతిలో మండలంలో రెండో స్థానం తెచ్చుకున్న నాగవేణిని 2022 జూన్‌లో ప్రొద్దుటూరులో చేర్పించారు. మొదటి సంవత్సరం ఇబ్బంది లేకుండా గడిచింది. రెండో సంవత్సరం మొదట్లో లోకనాథ్ అనే ఆయన డీన్‌గా వచ్చాడు. ఆయన పెట్టిన పద్ధతి ఇది: ఆదివారం పరీక్ష, సోమవారం తెల్లవారుజామున 5.20కి ఫలితాలు. చివరి పదిమంది చేతులు వెనక్కి కట్టుకుని, గోడకు ఆనుకోకుండా, ఆరున్నర దాకా నిలబడాలి. ఒక్కొక్కరికీ ఆయన ఒక పేరు పెట్టాడు. పుట్టిన ఇంటిని బట్టి నాగవేణికి పెట్టిన పేరు గొర్రె. ఆమె మార్కులు చదివాక ఆయన మైకు హాలు వైపు తిప్పి పట్టుకునేవాడు. హాలంతా గొర్రెల్లా అరవాలి. అరవని వరుస కూడా లేచి నిలబడాలి కనుక అందరూ అరిచేవారు.

జూలై 10 నుంచి నవంబరు 20 వరకు ఇరవై సోమవారాలు. వాటిలో పదిహేడు సోమవారాలు ఆమె నిలబడింది. మార్కులు తగ్గినందుకు నిలబెట్టారు. నిలబడినందుకు నిద్ర కరువైంది. నిద్ర లేనందుకు మార్కులు మళ్ళీ తగ్గాయి.

జంతుశాస్త్రం ప్రాక్టికల్స్‌లో ఆమె నాడి లెక్కించడం నేర్చుకుంది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడినప్పుడు కుడిచేతి రెండు వేళ్ళు ఎడమ మణికట్టు మీద సహజంగానే పడతాయి. వేదిక పైన గోడ గడియారం ఉంది, దానికి సెకన్ల ముల్లు ఉంది. ఆమె పూర్తిగా అరవై సెకన్లు లెక్కించేది. గదికి వచ్చాక ప్రాక్టికల్ రికార్డు పుస్తకం వెనక పేజీల్లో రాసుకునేది. గీతలున్న పేజీలో తేదీ, గంట, ఆయన అన్న మాట. బొమ్మల కోసం వదిలిన తెల్ల పేజీలో నాడి. మొదటి నమోదు ఇలా ఉంది: 'జూలై 10. 5.31. గొర్రెల్లో పుట్టినదానికి డాక్టర్ సీటు కావాల్నా. హాలు మూడుసార్లు అరిచింది.' ఎదుటి పేజీలో: 118. దాని కింద చిన్న అక్షరాలతో: 'ఒక్కటీ వదలను. ఒకరోజు ఈయన్ను నిలబెట్టి ఇవన్నీ చదువుతా.'

ప్రమాదం ఎదురైందని మెదడు గ్రహించినప్పుడు మూత్రపిండాల పైనున్న గ్రంథులు అడ్రినలిన్‌ను, ఆ వెనుకే కార్టిసాల్‌ను విడుదల చేస్తాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. పారిపోవడానికో పోరాడటానికో శరీరం చేసుకునే ఈ ఏర్పాటు కొద్ది నిమిషాల కోసం ఉద్దేశించినది. అది వారాల తరబడి ఆరకుండా ఉంటే, ప్రమాదం ఎదురుగా లేని వేళ కూడా గుండె పాత వేగానికి దిగిరాదు. పుస్తకంలో ఆదివారం మధ్యాహ్నాలు, మంచం మీద పడుకుని చూసుకున్న అంకెలు కూడా ఉన్నాయి. జూలైలో 80. ఆగస్టులో 88. సెప్టెంబరు చివర 101.

దసరా సెలవులకు ఇంటికి వచ్చిన రెండో రోజు పొద్దున, నులక మంచం మీద పడుకుని ఉన్న నాగవేణి, "మా, ఎదలో దడదడ అంటాండాది. ఆగడంల్యా" అంది.

తిరుపాలమ్మ పాలచేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, కూతురి మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకుంది. వేళ్ళకు తెలిసిన నడకే తగిలింది.

"ఏమీ ల్యా పాపా. బాగనే కొడ్తాండాది. ఈనిన గొర్రెకు గూడా ఇట్లనే ఉంటాది. తిండి ల్యాక అట్లుండావు, అంతే."

ఆరోగ్యంగా ఉన్న గొర్రె నాడి నిమిషానికి డెబ్బై నుంచి తొంభై వరకు, ఈనిన రోజుల్లో ఇంకా పైన ఉంటుంది. పడుకుని ఉన్న పదిహేడేళ్ళ అమ్మాయికి అరవై నుంచి ఎనభై అయిదు దాకా ఉండటం మామూలు. ఆ ఉదయం పుస్తకంలో ఉన్న అంకె 104. సెలవులు ముగిశాక, పోనని ఏడ్చిన నాగవేణిని తిరుపాలమ్మే బస్సెక్కించుకుని, ముద్దనూరు, కలమల్ల మీదుగా ప్రొద్దుటూరు తెచ్చి హాస్టలు గేటు దగ్గర దింపింది.

పడిపోయిన రోజున నాగవేణిని చూసిన వైద్యుడు నూర్ అహ్మద్. ప్రొద్దుటూరులోనే పుట్టి పెరిగినవాడు, నిదానంగా మాట్లాడతాడు. మధ్యాహ్నానికి తిరుపాలమ్మ, ఆమె తమ్ముడు ఆదినారాయణ ఆసుపత్రికి చేరారు.

"సార్, పుట్టుకతోనే గుండెలో బొక్క ఉండాదంట గదా. కాలేజీ ఆయప్ప ఫోన్లో చెప్పె" అంది తిరుపాలమ్మ.

"ఆయన యాడ చూసినాడమ్మా? నేను స్కాన్‌లో చూసినా. బొక్క ల్యా. గోడలు, కవాటాలు అన్నీ బాగుండాయి. థైరాయిడ్ బాగుండాది, రక్తం కొంచెం తక్కువ, అంతే."

"మరి ఏమైంది సార్?"

"శానాసేపు నిలబడి పడిపోయింది, అది పెద్దది కాదు. కానీ పండుకోని ఉన్నా నాడి నూటా పన్నెండు. బీపీ నూటా నలభై ఆరు బై తొంభై నాలుగు. నడుమ నడుమ గుండె దెబ్బ తప్పతాండాది. ఈ వయసులో ఉండాల్సినవి కాదు. పాప నెలల తరబడి భయంలో ఉండాది."

"భయానికి గుండె చెడుతాదా?"

"ఒకనాటి భయానికి చెడదు. దినామూ ఉంటే ఊరుకోదు. ఇదొక్కటే కారణమని రాసియ్యలేను. పుట్టుకతో వచ్చింది కాదని మాత్రం రాసిస్తా."

తిరుపాలమ్మ తన కుడిచేతి వేళ్ళు చూసుకుంది. "దసరాకు నేనే చూస్తిని సార్, ఈ వేళ్ళతోనే. బాగుండాది అంటిని."

"దేంతో పోల్చి?"

"మా గొర్రెల్తో."

నూర్ అహ్మద్ నవ్వలేదు. ఒక మాత్ర రాసి, మూడు వారాల తర్వాత రమ్మన్నాడు.

డీన్ సంగతంతా నాగవేణి నోట విన్న ఆదినారాయణ వరండాలోకి వచ్చి పంచె ఎగ్గట్టాడు. "అక్కా, ఆ నాకొడుకు సాయంత్రం స్కూటర్ మీద పోతాడంట. నలుగురం సాలు. రెండు కాళ్ళూ తీసేస్తే మళ్ల యాడ నిలబడతాడో సూస్తాం."

తలుపు తెరిచే ఉంది. మంచం మీది నుంచి నాగవేణి పిలిచింది. "మామా, ఈడికి రా. కాళ్ళు తీసేస్తే ఆయన పండుకుంటాడు. అందురూ పండ్లు తీసకపోయి పరామర్శిస్తారు. నాకు ఆయన నిలబడల్ల. కాళ్ళుండల్ల ఆయనకు."

ఆదినారాయణ అక్క వైపు చూశాడు. "ఏందక్కా ఇది, మనకంటే శానా ముదిరింది!"

"నా కడుపున పుట్టింది గదరా" అంది తిరుపాలమ్మ.

డిసెంబరులో ఒక సోమవారం జమ్మలమడుగులోని ప్రభుత్వ కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చారు. నాగవేణి ఇంటి దగ్గరే చదువుకుంటూ, నూర్ అహ్మద్ ఇచ్చిన పత్రాన్ని జతచేసి, నాలుగు పేజీల అర్జీ తనే రాసింది. కళాశాల నుంచి జవాబు వచ్చింది. అలాంటి శిక్షలేవీ తమ వద్ద లేవని, అరుపుల సంగతి కల్పితమని, అమ్మాయికి పుట్టుకతో ఉన్న బలహీనతను కుటుంబం దాచిపెట్టి చేర్పించిందని దాని సారాంశం. చివర లోకనాథ్ సంతకం. విచారణ జనవరి 29న అని కబురు వచ్చింది.

ఆ ఉత్తరం వచ్చిన రోజు నుంచి నాగవేణి రికార్డు పుస్తకాన్ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైకి చదవడం మొదలుపెట్టింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆయన ముఖంలోకి చూడాలో పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంది. అన్నం తింటూ పెదవులు కదిలించేది.

జనవరి 4న నూర్ అహ్మద్ ఆమె ఛాతీకి తీగలు అంటించి, నడుముకు చిన్న యంత్రం కట్టి పంపాడు. ఇరవై నాలుగు గంటలు గుండె ప్రతి దెబ్బనూ అది రాసుకుంటుంది. ఏ వేళకు ఏం చేసిందీ ఒక కాగితం మీద రాయమన్నాడు. మరుసటి రోజు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"పొద్దున ఎనిమిదింబావు నుంచి తొమ్మిది దాకా, మళ్ల సాయంత్రం గూడా అట్లనే, నూటా ముప్పై పైన ఉండాది. దెబ్బలు తప్పినవి గూడా అప్పుడే ఎక్కువ. ఆ వేళకు ఏం చేస్తాంటివి?"

"చదువుకుంటాంటి సార్."

"ఏ సబ్జెక్టు?"

పక్కనున్న తిరుపాలమ్మ చెప్పింది. "ఆ పుస్తకం సార్. ఆయప్ప మాటలు రాసుకున్నేది."

నూర్ అహ్మద్ కళ్ళజోడు తీశాడు. "నిద్రలో సగటు తొంభై నాలుగు. నీ ఈడు పిల్లకు నిద్రలో డెబ్బై దాటగూడదు. ఆ కాలేజీ నువ్వు ఇడిసిపెట్టి నెలన్నర దాటింది. ఆ మనిషిని మాత్రం ఇడిసిపెట్టలేదు. నీ గుండెకు రెండూ ఒకటే, తల్లీ. ఆయన నిలబెట్టినా, నువ్వే రోజూ పోయి నిలబడినా. మందు మోతాదు పెంచలేను. విచారణకు నువ్వు పోవద్దు."

"పోతా" అంది నాగవేణి.

"ఆడనే పడిపోతే?"

"ఆయన ముందరే పడతా. ఈసారి యాక్టింగ్ అంటాడేమో సూస్తా."

ఇంటికి చేరాక తిరుపాలమ్మ చెయ్యి చాపింది.

"పుస్తకం ఇయ్యి."

"పొయ్యిలో పెడతావా?"

"పొయ్యిలో పెడితే ఆయప్పకు పండగ. ఇయ్యి. నేను పోతా."

"నీకు సదవడం రాదు గదమా! పగ నాది. నేనే తీర్సుకుంటా."

"నీదొక్కదాందేనా? పోనని నువ్వు ఏడుస్తాంటే రెక్క పట్టుకోని తీసకపోయి దింపింది ఎవురు? నాది నీ కంటే పెద్దది. నువ్వు ఒక్కసారి సదువు. నేను ఇని మనసులో పట్టుకుంటా. మళ్ల దాని ముఖం సూడగాకు."

పదిహేడు నమోదులు నాగవేణి ఒక్కసారి కాదు, మూడు రోజులు చదవాల్సి వచ్చింది. తిరుపాలమ్మ నేర్చుకున్న విధానం ఇది. ఒక్కో సోమవారాన్ని ఒక్కో గొర్రెకు అప్పగించింది. జూలై పది బొల్లిది. జూలై పదిహేడు చెవులు మొండిది. ఆగస్టు ఏడు, కుంటిదాని పెద్ద పిల్ల. పొద్దున మందను గుట్ట వైపు తోలుకుపోయి, ఒక్కొక్క దాన్ని చూసి దాని తేదీ, గంట, మాట, అంకె చెప్పుకునేది. ఒకటి గుర్తు రాకపోతే ఆ గొర్రె వెనకే నడిచేది. మూడో వారానికి మందను చూడకుండానే చెప్పగలిగింది. ఆ మూడు వారాలు పుస్తకం ఆమె దుప్పటి కింద ఉంది.

జనవరి 28, ఆదివారం సాయంత్రం 5 గంటలకు నూర్ అహ్మద్ మళ్ళీ యంత్రం కట్టాడు, ఈసారి నలభై ఎనిమిది గంటలకు.

29న పదకొండు గంటలకు జమ్మలమడుగు కార్యాలయంలో విచారణ మొదలైంది. అధికారిణి సుకన్య బల్ల వెనక కూర్చున్నారు. బల్లకు అటూ ఇటూ కుర్చీలు. లోకనాథ్ ఇస్త్రీ చొక్కాతో, ఒక ఫైలుతో కూర్చున్నాడు. ఆదినారాయణను బయటే ఉండమన్నారు.

"కూర్చోండమ్మా" అన్నారు సుకన్య.

"నా బిడ్డ నిలబడి ఇనింది మేడం. నేను నిలబడే చెప్తా. ఆయప్ప గూడా నిలబడి ఇనల్ల."

"ఇదేం పద్ధతి మేడం" అన్నాడు లోకనాథ్.

సుకన్య ఇద్దరినీ చూసి, గోడ గడియారాన్ని చూసి, కాగితం మీద సమయం రాసుకున్నారు. "ఫిర్యాదీ నిలబడి మాట్లాడుతున్నారు. మీరూ నిలబడండి. శిక్ష అనుకోకండి. అలాంటివి మీ దగ్గర లేవని రాశారుగా."

లోకనాథ్ లేచాడు. తిరుపాలమ్మ పుస్తకాన్ని సుకన్య ముందు పెట్టి, రెండడుగులు వెనక్కి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని మొదలుపెట్టింది.

"జూలై పది. అయిదూ ముప్పై ఒకటి. గొర్రెల్లో పుట్టినదానికి డాక్టర్ సీటు కావాల్నా. హాలు మూడుసార్లు అరిసె. నాడి నూటా పద్దెనిమిది."

సుకన్య వేలు గీత మీద కదిలింది. తిరుపాలమ్మ ఆగలేదు. అయిదో సోమవారానికి లోకనాథ్ నవ్వాడు. "మేడం, బట్టీ పట్టించి పంపినారు. చదువు రానామెతో అప్పజెప్పిస్తాండారు."

"నువ్వు పిల్లోళ్ళతో చేయించే యాపారం అదే గదప్పా. నేను తప్పు చెప్తే నిలబెట్టు" అంది తిరుపాలమ్మ. తర్వాతి తేదీకి వెళ్ళింది.

ఇరవై నిమిషాలు దాటాక లోకనాథ్ బరువును ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి మార్చాడు. చెయ్యి కుర్చీ వీపు మీదికి పోయింది.

"పట్టుకోగాకు. మా పాపను గోడకు ఆనుకోనీల్యా నువ్వు."

చెయ్యి వెనక్కి వచ్చింది. అతని నుదురు తడిసింది. పదకొండో సోమవారం దగ్గర తిరుపాలమ్మ ఆగి, అతని ముఖంలోకి చూసింది. "ఆ హాల్లో ఏమని అరిపిస్తాంటివో ఈడ ఒకసారి అరువప్పా. మేడం ఇనల్ల."

"అది అవసరం లేదమ్మా" అన్నారు సుకన్య.

"నాకు అవసరం మేడం. నలభై ఏండ్లు గొర్రెల్లో ఉండా. సరిగ్గా అరిపిచ్చినాడో ల్యాదో సెప్తా. అరువు. మైకు ల్యాకుంటే గొంతు రాదా? నూటా ఎనభై మందితో అరిపిస్తివే, ఒక్కనివి అరవలేవా?"

లోకనాథ్ గొంతు పెరిగింది. "ఏందమ్మా ఊరికే! అది పిల్లల్లో పోటీ పెంచడానికి సరదాగా చేయించినది. ప్రతి కాలేజీలో ఏదో ఒకటి ఉంటాది. దానికే గుండె జబ్బు వస్తే ఎట్ల?"

సుకన్య కలం కదిలింది. రాసినదాన్ని ఆమె పైకి చదివారు. "'సరదాగా చేయించినది.' జరగలేదని సంతకం పెట్టారు కదా, లోకనాథ్ గారూ. ఏది రాసుకోమంటారు?"

అతను కూర్చోబోయాడు.

"ఇంగా ఆరు ఉండాయి" అంది తిరుపాలమ్మ.

ఆ ఆరూ ఆమె తొందర లేకుండా చెప్పింది. పదిహేడులో పదిహేడూ పుస్తకంతో సరిపోయాయి. అంతా చెప్పాక చేతులు విడిచి, కుర్చీ లాక్కుని కూర్చుంది. నీళ్ళు అడిగి తాగింది. లోకనాథ్ మొత్తం నలభై నాలుగు నిమిషాలు నిలబడ్డాడు. నివేదిక వచ్చేవరకు అతను విద్యార్థుల ముందుకు రాకూడదని సుకన్య అక్కడికక్కడే ఉత్తర్వు రాసిచ్చారు. కళాశాల దాన్ని ఎన్నాళ్ళు పాటిస్తుందో ఎవరూ చెప్పలేదు.

పన్నెండు గంటల ఏడు నిమిషాలకు తిరుపాలమ్మ బస్టాండు నుంచి తమ్ముడి ఫోన్‌లో ఇంటికి మాట్లాడింది.

"నిలబడినాడా?" అంది నాగవేణి.

"నిలబడినాడు. సెమట గూడా కారె."

"ఎంతసేపు?"

"నువ్వు పడిపోయిన దానికంటే ఆరు నిమిషాలు ఎక్కువంట. మీ మామ గడియారం సూసినాడు, కిటికీలోంచి."

"నేను సూడలేకపోతి మా" అంది నాగవేణి.

"నేను సూసినా గదా. రాత్రికి వచ్చి అంతా సెప్తా, ఎట్ల నిలబడిందీ, యాడ వణికిందీ. అన్నం తిని పండుకో."

మరుసటి రోజు సాయంత్రం 5 గంటలకు నూర్ అహ్మద్ తీగలు విప్పి, యంత్రాన్ని కంప్యూటరుకు తగిలించాడు. నాగవేణి రాసిన కాగితాన్ని పక్కన పెట్టుకుని ముందుగా నిద్రవేళలు చూశాడు. విచారణకు ముందటి రాత్రి సగటు తొంభై ఆరు. తిరుపాలమ్మ లేచి తెర దగ్గరికి వచ్చింది. అంకెలు మాత్రం ఆమె గుర్తుపట్టగలదు. నాగవేణి కుర్చీలోనే కూర్చుని, "నిన్న రాత్రిది సార్?" అని అడిగింది.

81.